రెండు ఖాళీల దూరం

మా ముత్తాత, తాతయ్య, నాన్న ఒక్క సాయంత్రంలో అన్నదమ్ములైపోయారు. మీట నొక్కింది మా నాన్నే. నేరం మాత్రం మా అన్నయ్య కూతురిది.

ఆ పిల్ల ఇంజినీరింగ్ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం సొంతంగా ఒక ఎడిటర్ తయారుచేస్తోంది. ఎడిటర్ అంటే మా ఆఫీసులో ఉండే మనిషి కాదు. కంప్యూటర్లో అక్షరాలు రాసుకోవడానికి, దిద్దుకోవడానికి ఉండే పలక లాంటిది. సెలవులకి ఇంటికొచ్చిన రోజే, ‘‘ఇంకొక్క పని మిగిలింది బాబాయ్. లైన్లని లోపలికి, బయటికి జరిపే కమాండ్. రెండు గంటల్లో అయిపోతుంది’’ అంది.

నాలుగు రోజులు పట్టింది.

ఆ పని నాన్నకి చెబితే నవ్వారు. ఆయన కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. పేరా మొదట్లో ఐదు ఖాళీలు వదలాలన్నది ఆయనకి వేళ్లలోనే ఉంటుంది. పట్టిక కొట్టాల్సి వస్తే టైపు మిషన్ మీద ముందుగానే ఆగాల్సిన చోట్లు పెట్టుకునేవారట. ఆ తర్వాత టాబ్ మీట నొక్కితే చాలు, క్యారేజీ జర్రున జరిగి సరిగ్గా అక్కడే ఆగేది. ఇప్పుడు మన కీబోర్డు మీదున్న టాబ్ ఆ మిషన్ నుంచి వచ్చిందే. పట్టికలు కొట్టడానికి పెట్టిన మీట కాబట్టి దానికా పేరు.

టైపు మిషన్‌లో లేని సుఖం ఒకటి కంప్యూటర్లో ఉంది. కొట్టేసిన లైన్లని తర్వాత కూడా గుంపుగా జరపొచ్చు. 1976లో అమెరికాలో బర్క్‌లీ విద్యార్థి బిల్ జాయ్ రాసిన ‘వీఐ’ అనే ఎడిటర్లోనే ఇందుకో ఏర్పాటుంది. గణితంలో ‘పెద్దది’ అని చూపించే బాణం గుర్తుని రెండుసార్లు కొడితే లైను కుడికి జరుగుతుంది. ‘చిన్నది’ గుర్తుని కొడితే ఎడమకి వస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఇది అలంకారం కాదు. 1991లో వచ్చిన పైథాన్ భాషలో ఏ లైను ఏ లైను కిందకి వస్తుందో చెప్పేది ఎడమవైపు ఖాళీయే. ఒక్కో మెట్టుకి నాలుగు ఖాళీలు వదలడం వాళ్ల ఆనవాయితీ. ఒక లైను మెట్టు తప్పితే లెక్కే మారిపోతుంది.

మా వంశవృక్షం కూడా అంతే.

నాన్న ఆ పనిమీద చాన్నాళ్లుగా ఉన్నారు. మనవరాలి ఎడిటర్ చూడగానే నోటు పుస్తకం తెచ్చి కూర్చున్నారు. ముత్తాతగారి పేరు ఎడమ అంచున. నాలుగు ఖాళీలు లోపలికి తాతయ్య, ఆయన తోబుట్టువులు. ఇంకో నాలుగు వదిలి నాన్న తరం. ఆ తర్వాత మేము, మా పిల్లలు. గీతలూ గడులూ లేవు. ఎవరు ఎవరి బిడ్డో ఖాళీయే చెబుతుంది. మొత్తం నూట నలభై లైన్లు దాటింది.

ఇంతలో ఒక పాత క్రయ దస్తావేజులో ముత్తాతగారి తండ్రి పేరు దొరికింది. ఆయన ఇంకో కొడుకు పేరు కూడా అందులోనే ఉంది. అంటే అందరికన్నా పైన ఒక తరం చేరాలి, కిందున్న వాళ్లంతా ఒక మెట్టు లోపలికి జరగాలి. మా అమ్మాయి కమాండ్‌కి ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది?

నాన్న అన్ని లైన్లూ ఎంచుకుని టాబ్ నొక్కారు. పొరపాటున రెండుసార్లు పడింది. వెనక్కి తేవడానికి షిఫ్ట్ పట్టుకుని టాబ్ నొక్కారు. కంప్యూటర్ కాస్త ఆలోచించింది. పని చేయలేదేమోనని మళ్లీ నొక్కారు, మళ్లీ... మొత్తం నాలుగుసార్లు. అంతే. ముత్తాతగారి పేరు దాదాపు మాయమైంది. తాతయ్య పేరు ముందున్న ‘వెంక’ పోయి ‘ట’తో మొదలైంది. నాన్న వచ్చి ఎడమ అంచుకి ఆనుకున్నారు. ముగ్గురూ ఒకే వరస! పెదనాన్న ఒకాయన పేరు ‘శ్రీ’తో మొదలవ్వాలి, ‘రీ’తో మొదలైంది.

జరిగిందేమిటంటే, బయటికి జరపమంటే లైను మొదట్లోంచి నాలుగు గుర్తులు కోసేయమని రాసింది ఆ పిల్ల. అక్కడ ఉన్నవి ఖాళీలా, అక్షరాలా అని చూడమని రాయలేదు. పైగా మనకి ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’ కంప్యూటర్‌కి నాలుగు గుర్తులు. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. పెదనాన్న పేరు ముందు రెండు ఖాళీలు మిగిలి ఉన్నాయి కాబట్టి అవి రెండూ, శ, పొల్లు పోయాయి. ‘రీ’ మిగిలింది. ఇంత వివరంగా చెప్పి, ‘‘లాజిక్ కరెక్టుగానే పనిచేసింది బాబాయ్’’ అంది. ఏమనాలి?

చేసింది వెనక్కి తీసుకునే కమాండ్ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఒక్కో లైను జరగడాన్ని ఒక్కో పనిగా రాసుకుందది. వంద పనులకి మించి గుర్తుంచుకోదు కూడా. సగం మంది పూర్వీకులు వెనక్కి వచ్చారు, సగం మంది రాలేదు. ముందురోజు రాత్రి పెన్‌డ్రైవ్‌లో దాచిన కాపీ ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. ఆరోజు చేర్చిన లైన్లు మాత్రం పోయినట్టే.

ఆ రాత్రి ఆ పిల్ల పడుకోలేదు. ఖాళీలుంటేనే కోయాలి. రెండే ఉంటే రెండే కోయాలి. ఏమీ లేని లైన్లో కొత్త ఖాళీలు నింపకూడదు. ఎంపిక ఒక లైను మధ్యలో మొదలైనా మొత్తం లైను జరగాలి. నూట నలభై జరిగినా, వెనక్కి తీసుకునేటప్పుడు ఒక్క నొక్కుకే అన్నీ రావాలి. వీటితో పాటు తనకి నచ్చిన ఇంకో సొగసు కూడా చేర్చింది. నాలుగు ఖాళీల లెక్కకి కుదరని లైను ఏదైనా ఉంటే, దాన్ని దగ్గర్లో ఉన్న తర్వాతి మెట్టు మీదకి సర్దేస్తుంది. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన ‘విమ్’ ఎడిటర్లోనూ ఈ సదుపాయం ఉంది. అయితే అక్కడ మనం కావాలనుకుంటేనే. ఈ పిల్ల అడగకుండానే పెట్టేసింది.

పొద్దున్నే నాన్న పోయిన లైన్లు మళ్లీ కొట్టారు. అంతా ఎంచుకుని టాబ్ నొక్కారు, ఈసారి జాగ్రత్తగా ఒక్కసారే. అందరూ నాలుగేసి ఖాళీలు జరిగారు. పెదనాన్న ఒక్కడూ రెండే జరిగి, తాతయ్య వరసలో నిలబడ్డాడు.

‘‘తప్పు నాది కాదు తాతయ్యా. నువ్వు ఎనిమిది కొట్టాల్సిన చోట ఆరు కొట్టావు. రెండు తక్కువ పడ్డాయి’’ అంది మనవరాలు.

‘‘తక్కువ పడలేదమ్మా. అన్నే వేశాను’’ అన్నారు నాన్న.

ముప్పై ఏళ్లు టైపు కొట్టిన చెయ్యి ఖాళీల లెక్క తప్పదని నాకు అప్పుడు తట్టింది. నిన్న పోయిన లైన్లోనూ ఆరే ఉండి ఉంటాయి.

పెదనాన్నని దత్తతకి ఇచ్చారని మాకు తెలుసు. అంతవరకే తెలుసు. తాతయ్యకి వరసకి అన్నగారైన ఒకాయనకి పిల్లల్లేకపోతే ఆరేళ్లప్పుడు ఇచ్చారట. ఆ మర్నాటి నుంచి కన్నతల్లిని పిన్ని అనాలని నేర్పారట. ‘‘పండక్కి వచ్చేవాడు. మా అమ్మ అందరికీ వంటింట్లో పెట్టేది, వాడికి మాత్రం వసారాలో పీట వేసి చుట్టాలకి పెట్టినట్టు పెట్టేది. వాడు తిన్నంతసేపూ గుమ్మంలో నిలబడి చూసేది. లోపలికి రమ్మంటే వాళ్లేమనుకుంటారోనని భయం’’ అన్నారు నాన్న. ఇన్నేళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

‘‘మరి ఆయన్ని ఆ ఇంట్లోనే రాయొచ్చుగా?’’ అన్నాను.

‘‘రాస్తాను. పై తరం దొరికింది కదా, ఆ ఇల్లు కూడా ఇందులోకి వస్తుంది. అక్కడ పూర్తి మెట్టు మీద రాస్తాను. ఇక్కడ కూడా ఉండాలి. ఇక్కడ వాడి చోటు ఇదే.’’

పిల్ల ఏమీ మాట్లాడలేదు. వెనక్కి తీసుకునే కమాండ్ ఒక్కసారి నొక్కింది. నూట నలభై లైన్లూ ఒక్క దెబ్బకి యథాస్థానానికి వచ్చాయి. మామూలప్పుడైతే అందుకు గంతులేసేది. ప్రోగ్రాము తెరిచి, తను రాత్రంతా కూర్చుని రాసిన ఆ సర్దే ముక్కని తీసేసింది. ఎవరి ముందు ఎన్ని ఖాళీలున్నా వాటికి నాలుగు కలపాలి, అంతే.

‘‘ఇప్పుడు నొక్కు తాతయ్యా’’ అంది.

నాన్న నొక్కారు. అందరూ కదిలారు. కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి పెదనాన్న పేరు ముందున్న ఖాళీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు.

‘‘పది. సరిపోయింది’’ అన్నారు.

పైన ఆ కొత్త పేరు కొట్టి, దాని కింద రెండో కొడుకు ఇంటిని వరసగా చేర్చి, ప్రింటు తీయమన్నారు. రెండు కాపీలు. ఒకటి పెదనాన్నకి తనే తీసుకెళ్లి ఇస్తారట.