నేను వ్రాసిన విశ్రాంతి

ఈనాడు నా పొరపాటు ఒకటి మీ ముందుంచుతున్నాను.

ఉయ్యూరులో వైద్యం చేసిన రోజులలో, మోకాళ్ళ నొప్పులతో, నడుము నొప్పితో వచ్చే పెద్దవయసు స్త్రీలకు మందుల చీటీ చివర ‘విశ్రాంతి’ అని వ్రాసేవాడిని. వరినాట్లలో, చెరకు తోటలలో జీవితమంతా శ్రమించిన ఒక తల్లి ఆ మాటను అక్షరాలా పాటించింది. మూడేళ్ళ తరువాత కొడుకు ఆమెను ఎత్తుకొని తీసుకువచ్చాడు. “మీరు చెప్పినట్లే మంచం దిగలేదు డాక్టరుగారూ. ఇప్పుడు దిగుదామంటే కాళ్ళు నిలవడం లేదు. వీరమ్మ తల్లి తిరునాళ్ళకు కూడా పోలేకపోతున్నాను” అన్నది. ఆమె నన్ను నిందించలేదు. అందువలననే ఆ మాట నన్ను విడువలేదు.

కదలకపోతే తొడ కండరాలు క్షీణిస్తాయి. అవి మోయవలసిన బరువు మోకీలుపై పడి నొప్పి పెరుగుతుంది. నొప్పికి భయపడి ఇంకా కదలరు. కీళ్ళలోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే దానికి పోషకాలు చక్కగా అందుతాయి. పైగా మూడు నెలలకు మించి సాగే నొప్పిలో నాడీవ్యవస్థ అతిగా స్పందిస్తుంటుంది. కనుక నొప్పి కలిగిన ప్రతిసారీ కీలు చెడిపోతున్నట్లు కాదు. ఒళ్ళంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియాకు ఐరోపా కీళ్ళవాత నిపుణులు 2017లో గట్టిగా సిఫారసు చేసిన చికిత్స వ్యాయామం ఒక్కటే.

“ఇంటెడు చాకిరీ చేస్తున్నాను, అది చాలదా?” అని మీరు అడగవచ్చు. ఆ పని అలసటనిస్తుంది గాని, కాళ్ళకు క్రమంగా బలం పెంచదు.

గోడకు ఆనించిన కుర్చీలో నుండి ఐదుసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దించండి. చదునైన నేలపై ఐదు నిమిషాలు నడవండి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నొప్పి తక్కువగా ఉన్ననాడు అత్యుత్సాహంతో రెట్టింపు చేయవద్దు. మరునాటికి నొప్పి మామూలు కంటే ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి, మానవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన వారానికి 150 నిమిషాలు చేరవలసిన గమ్యం మాత్రమే. మొదటి అడుగు కాదు.

ఛాతీలో నొప్పి, జ్వరం, కీలు వాచి ఎర్రబడటం, పడిన తరువాత కలిగిన నొప్పి, కాళ్ళ తిమ్మిరితో మూత్రంపై అదుపు తప్పడం, ఇవి ఉంటే ముందు వైద్యుని చూడండి.

ఆ తల్లి కుర్చీతోనే మొదలుపెట్టింది. మరుసటి మాఘమాసంలో కోడలి చెయ్యి పట్టుకొని, దారిలో రెండుసార్లు కూర్చొని, తిరునాళ్ళకు వెళ్ళింది. నొప్పి పూర్తిగా పోలేదు. కాని ఆమె వెళ్ళింది.

మీ ఇంట్లో మంచం పట్టిన అమ్మ ఉంటే, ఈ సాయంత్రం ఆమె పక్కన ఒక కుర్చీ వేయండి.