పాలలోని అమానతు

పశువులలో మనకు గుణపాఠం ఉందని దివ్యఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 66వ ఆయతు బోధిస్తుంది. పేడకూ నెత్తురుకూ నడుమ నుంచి స్వచ్ఛమైన పాలను అనుగ్రహించినవాడు అల్లాహ్. ఆ స్వచ్ఛతను కాపాడటం మనపై ఉన్న అమానతు.

పెనుగొలనులో పాడిమీద పిల్లలను చదివించుకొంటున్న ఒక సోదరి ఇటీవల నన్నడిగింది: "మౌల్వీ సాబ్! ఆవుకు పొదుగువాపు వచ్చింది. డాక్టరుగారు మందు ఎక్కించి, కొన్నాళ్లు పాలు పోయవద్దన్నారు. పాలేమో తెల్లగానే ఉన్నాయి. పోస్తే తప్పా?"

దైవప్రవక్త (స) ధాన్యపురాశిలో చేయిపెట్టి, లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి మందలించారు. పాలలో మిగిలిన మందూ అటువంటి తడియే. పెన్సిలిన్ సరిపడనివారికి అది హాని చేయవచ్చు. ఆ పాలు సరిగా తోడుకోకపోవచ్చు. ఒక్క చన్నుకే మందు ఎక్కించినా, గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలనూ అమ్మరాదు.

రోగాన్ని రానీయకపోవడం ఇంకా మేలు. పితికేముందు చేతులను, చన్నులను కడిగి తుడవాలి. తొలిధారలను నల్లని గిన్నెలో పితికితే తరకలు కనబడతాయి. జబ్బు ఆవును చివరన పితకాలి. పితికాక చన్నులను పశువైద్యులు చెప్పిన అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చనురంధ్రం మూసుకొనేదాకా, సుమారు అరగంట ఆవు పడుకోకుండా మేత వేయాలి.

పాలు ఆపిన ఇంటికి రాబడి తగ్గుతుంది. నిజాయితీకి ఆమె ఒక్కతే మూల్యం చెల్లించాలా? ఆ కొద్దిరోజుల భారం పంచుకోవడం పొరుగువారమైన మన విధి.