అత్తమ్మ చెంపలోని తెల్లమచ్చ

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి, జమ్మలమడుగులో మా ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాము. సంగటిలోకి ఊరుబిండి వేయబోతే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "కారం తగిలితే నోరు మండుతాంది బిడ్డా. సున్నం ఎక్కువై పొక్కినట్టుంది" అనింది. నలభై ఏండ్లుగా ఆమె నడుమున వక్కాకు తిత్తి ఉండవలసిందే.

నా గుండె ఝల్లుమంది. పులివెందులలో మా అన్న కూడా ఇట్లే అన్నాడు. గుట్కా నమిలేవాడు. నోట్లో పుండుకు మందుల షాపులో బి-కాంప్లెక్స్ మాత్రలు కొని మింగుతూ నాలుగు నెలలు గడిపాడు. నేను "ప్రార్థన చేస్తాలే అన్నా" అన్నానే గాని, ఒక్కసారి నోరు తెరిచి చూపించమనలేదు. ఆసుపత్రికి పోయేసరికి మెడలో గడ్డలు వచ్చేశాయి. అన్న ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు.

మరునాడే అత్తమ్మను ప్రొద్దుటూరులో దంతవైద్యుని దగ్గరకు తీసుకుపోయాను. ఆయన లైటు వేసి చెంపలు, అంగిలి, నాలుక కింద అంతా చూశారు. ఎడమ చెంపలో తెల్లమచ్చ ఉంది. గుడ్డతో తుడిచినా పోలేదు. "దీన్ని ల్యూకోప్లేకియా అంటారమ్మా. ఇటువంటివన్నీ క్యాన్సర్ కావు, కొన్ని అవుతాయి. కంటితో చూసి తేల్చలేము. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అన్నారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని అత్తమ్మ భయపడింది. అది అపోహేనని ఆయన ఓపికగా చెప్పి, మత్తుసూది వేసి తీశారు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, కాని కణాలలో మార్పు మొదలైంది. మచ్చను పూర్తిగా తీసేశారు. ఇంటికి వచ్చి వక్కాకు తిత్తిని అత్తమ్మే పొయ్యిలో వేసింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి పోయి చూపించుకుంటున్నాము.

లేవీయకాండము 13వ అధ్యాయం వస్తే నేను గబగబా చదివేదాన్ని. యాజకుడు తెల్లని మచ్చను చూడడం, ఏడు దినములు ఆగి మళ్లీ చూడడం మనకెందుకనుకునేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది. మచ్చను దాచుకొమ్మని దేవుడు తన ప్రజలకు చెప్పలేదు, తీసుకుపోయి చూపించమన్నాడు.

ప్రియ సహోదరీ, రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్లమచ్చ, అంతకంటే ప్రమాదమైన ఎర్రమచ్చ, మూడు వేళ్లు పట్టనంతగా నోరు బిగుసుకోవడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయవద్దు. పొగాకు లేకుండా ఉత్త వక్క నమిలినా ముప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే ఈ సంగతి ప్రకటించింది.

ప్రార్థించండి. దానితోపాటు మీ ఇంటి పెద్దలను వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిచి చూపించమనండి. అన్నను నేను ఆ మాట అడగలేకపోయాను.