గీత ముందు దాటినా

టెక్సాస్‌లో ఉన్న ఛోటా భాయ్ దగ్గరికి నేను వెళ్లింది అబ్బా ఇంటి కాగితాల మీద దస్తఖత్ కోసం. వాడేమో శనివారం రాత్రి నన్ను డ్రాగ్ స్ట్రిప్‌కి లాక్కెళ్లాడు. బ్రాకెట్ రేసట. పావు మైలు, అంటే 402 మీటర్లు. నీ బండికి ఎన్ని సెకన్లు పడుతుందో నువ్వే అద్దం మీద షూ పాలిష్‌తో రాయాలి. నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. రాసినదానికన్నా తొందరగా వెళ్లావో, ఖల్లాస్.

ప్రాక్టీసులో మరదలి క్యామ్రీకి 16.31 పట్టింది. ఎహతియాత్‌గా 16.40 రాశాను. మొదటి రౌండులోనే జోడీ వాడి మస్టాంగ్‌తో పడింది. వాడు రాసింది 13.10.

పసుపు దీపాలు అరసెకను తేడాతో ఒక్కొక్కటే వెలిగాయి. పచ్చదీపం రాకముందే కదిలితే ఎర్రదీపం, ఆట ముగిసినట్టే. ఇఫ్తార్ అజాన్ కోసం కూడా నేనింత సబర్ చేయలేదు.

3.30 సెకన్లు ముందు బయల్దేరినా అద్దంలో వాడి లైట్లు మీదికొచ్చేస్తున్నాయి. చివర్లో వాడు బ్రేకేశాడు. గీత ముందు దాటింది నేనే. బోర్డు మీద నా టైము 16.29. ఓడిపోయాను.

"అసలు లెక్క తెలిసీ కొంచెం దాచుకున్నావు భాయీజాన్. ఆ బండి సంగతి నాకు తెలీదా?" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. బ్యాగులో ఉన్న కాగితాల్లో ఇంటి ఖీమత్ రాసింది కూడా నేనే. ఆ రాత్రి వాటిని బయటికి తీయలేదు.