పాలారు వెంట బంగారు గనులకు

నందిదుర్గపు కొండల చుట్టుపట్ల ఉద్భవించిన నదులలో ఉత్తరపినాకిని మన పెన్నయై నెల్లూరు సీమ దాకను, దక్షిణపినాకిని కడలూరు దాకను పోయి పేరు గాంచగా, వానికి తోబుట్టువైన పాలారు మాత్రము, క్షీరనది యను సంస్కృతనామమును వహించియు, ఏడాదిలో అధికకాలము ఇసుకనే చూపుచు, కోలారు జిల్లాలో కొంతదూరము నేలక్రిందనే నడచి, బేతమంగళము చేరువ మరల వెలికివచ్చును. కుప్పము ప్రాంతమున పెరిగిన నాకు ఎండిన యేరే ఏరు. భూగర్భశాస్త్రము చదువుచున్న కాలమున, ఒక సెలవులలో, మా యేటికి పైన ఏమున్నదో చూచి రావలెనని బయలుదేరితిని.

ప్రాచీన శాసనములలో విజయాదిత్యమంగళమని పేర్కొనబడిన బేతమంగళమున పాలారు పెద్దచెరువై నిలిచియున్నది. నీరు పల్లమెరుగునని మనవారి సామెత. ఇచ్చట మాత్రము యంత్రములు ఆ నీటిని మిట్టకెక్కించి, గొట్టములగుండ కోలారు బంగారు గనులకు చేర్చినవి. నది పల్లమునకు పోవుట మాని పట్టణమునకు పోయిన ఆ దారినే నేనును పట్టితిని.

ఆ పట్టణమునకు మూలము మారికుప్పము, ఊరిగాము మొదలైన చిన్న పల్లెలు. 1802లో సర్వేపనిమీద వచ్చిన జాన్ వారెన్ అను సైనికోద్యోగి, ఇచ్చటి గ్రామస్థులు మట్టిని కడిగి బంగారు రజను తీయుట చూచి వ్రాసిపెట్టెను. 1873లో మైఖేల్ లావెల్ అను ఐరిష్ దేశీయుడు మైసూరు ప్రభుత్వమునుండి తవ్వుకొను హక్కును కోరెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చినది మొదలు, రాళ్ళతో నిండిన ఆ బీడు, బంగళాలును, క్లబ్బును, గోల్ఫు మైదానమును గల చిన్న ఇంగ్లండుగా మారెను. కార్న్‌వాల్ నుండి గనిపనివారిని ఓడలమీద రప్పించిరి. కాని రాతిని మోసినవారును, తవ్వినవారును అధికముగా ఉత్తరార్కాటు, చిత్తూరు సీమలనుండి వచ్చిన నిరుపేదలు, అందునను మన సంఘము ఊరివెలుపల నుంచినవారు. వారికి వెదురుతట్టి గుడిసెల వరుసలు. ఆ వరుసలనే లైన్లనిరి.

ఈ సంగతి చదివినప్పుడు నా మనస్సు పాలారుమీదికే పోయినది. ఉత్తరార్కాటు సీమగుండ, వేలూరు ప్రక్కగా ప్రవహించునది ఈ యేరే గదా! ఏ నది యొడ్డున పంట చాలక జనులు ఊళ్ళు విడిచిరో, ఆ నది నీటినే పైయెత్తున త్రాగుచు వారు బంగారమును తవ్విరి.

ఆ గనుల లోతు విన్నప్పుడు చదువుకొన్నవానికిని గుండె జలదరించును. చాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించి దిగినది. అంత లోతున రాయే వేడెక్కియుండుటచే లోనికి చల్లగాలిని యంత్రములతో పంపవలసి వచ్చెను. పైనున్న భారమునకు గోడలు హఠాత్తుగా పగిలి ఎగసిపడు ప్రమాదమును పనివారు ఎయిర్‌బ్లాస్టని పిలిచిరి. ఈ యంత్రములకు కావలసిన విద్యుత్తు 1902లో కావేరిమీది శివసముద్రమునుండి, 147 కిలోమీటర్ల తీగలమీద వచ్చెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది తరువాత మూడేండ్లకు. ఆవల కావేరి, ఈవల పాలారు, రెండు నదులు ఒక గుంతకు ఊడిగము చేసినవి. ఆ చీకటిలోనే 1965లో మన శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి వాతావరణమునుండి వచ్చు న్యూట్రినోల జాడను పట్టిరని తలచినప్పుడు మాత్రము నాకు నిజమైన గర్వము కలిగినది.

120 సంవత్సరములలో దాదాపు 800 టన్నుల బంగారము వెలికివచ్చినది. 1956లో గనులు మైసూరు రాష్ట్రమునకును, 1962లో కేంద్రమునకును వచ్చినవి. ఖనిజములో బంగారము టన్నుకు సుమారు 3 గ్రాములకు పడిపోగా, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నేను పోయినప్పుడు ఇనుప గోపురములు తుప్పుపట్టి నిలిచియుండెను. వాటివెనుక రాతిని పిండిచేసి సైనైడుతో బంగారము తీసికొన్న పిమ్మట మిగిలిన బూడిదరంగు దిబ్బలు కొండలవలె పడియుండెను. గాలి వీచినంతనే ఆ దుమ్ము లైన్లమీదికి పోవుచుండెను.

ఒక ఇంటి అరుగుమీద కూర్చుండిన వృద్ధుని పలకరించి, "తాతా, లోపల బంగారము కనబడెడిదా?" యని యడిగితిని. ఆయన మాట మాయూరి మాటయే. "రాయే కనబడేది నాయనా. పొట్టకోసరం దిగినాము, బంగారం మా కండ్లకెప్పుడు పడింది?" అని, మంచినీళ్ళు తెచ్చియిచ్చెను. అది పాలారు నీరో కాదో అడుగుటకు నాకు నోరు రాలేదు.

మరునాడు బంగారుపేటకు పోవు చిన్నరైలు ఎక్కి ఇల్లు చేరితిని. ఆంధ్రదేశమున పాలారు నడచునది 33 కిలోమీటర్లే. వాణియంబాడివైపు దిగి తమిళదేశమున 222 కిలోమీటర్లు పోయి కడలి చేరును. సాయంకాలము ఏటిలోనికి దిగితిని. ఇసుకలో ఒక ముత్తైదువ మోకాళ్ళమీద కూర్చుండి చేతులతో చెలమను లోతుచేసి, ఊట తేరువరకు ఆగి, చిప్పతో కొంచెము కొంచెముగా తోడి కడవలో పోసికొనుచుండెను. కడవ నిండువరకు నేనచ్చటనే నిలిచియుంటిని.