ఏం కాదులే అనే ముందు

2025 ఫిబ్రవరిలో టీవీ వాళ్ళు ఓ వారం పాటు మా ఇంట్లో నిద్ర లేకుండా చేశారు. 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమిని గుద్దవచ్చట. పడితే పడే దారిలో మన దేశం కూడా ఉందట. అవకాశం నూటికి మూడు వంతులే అని కింద చిన్న అక్షరాలు, పైన మాత్రం మంటలూ మోతలూ. మా చిన్నాడు వేళ్ళు లెక్కపెట్టుకుని, "అప్పటికి నేను ఇంటర్లో ఉంటానమ్మా" అన్నాడు.

"ఏం కాదులే, పడుకో" అన్నాను. అది నా ఊతపదం.

"తాతయ్యకి కూడా ఏం కాదన్నావుగా" అన్నాడు గోడవైపు తిరిగి.

మా నాన్న పోయి అప్పటికి ఐదు నెలలు. ఆస్పత్రికి బయల్దేరుతుంటే గుమ్మంలో వాడితో నేనన్నది ఆ మాటే.

నేను చదివింది బి.ఏ. తెలుగు. సైన్సుతో నా సంబంధం టెన్త్‌తోనే సరి. అయినా మర్నాడు వంట కాగానే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చూస్తే, ఇలాంటివాటిని తప్పించడం ఎలాగో నాసా వాళ్ళు ఒకసారి నిజంగానే చేసి చూశారు! డార్ట్ అని దాని పేరు. 2022 సెప్టెంబర్ 27, మన టైము తెల్లవారుజామున 4.44. శరన్నవరాత్రుల రెండో రోజు. నేను అప్పటికి లేచి పొయ్యి కడుగుతూ ఉండి ఉంటాను.

సాయంత్రం క్యారమ్ బోర్డు ముందేసుకుని వాడికి చెప్పాను. డిడిమోస్ అనే పెద్ద రాయి చుట్టూ డైమార్ఫోస్ అనే చిన్న రాయి తిరుగుతుంది. చిన్నదంటే సుమారు 160 మీటర్లు. వాటివల్ల మనకేం ప్రమాదం లేదు, అందుకే ఎంచుకున్నారు. చిన్న కారంత బరువు కూడా లేని నౌక, సెకనుకి ఆరు కిలోమీటర్ల వేగంతో వెళ్ళి గుద్దింది. మనకి కోటీ పది లక్షల కిలోమీటర్ల అవతల.

"పగిలిపోయిందా?"

"పగలగొట్టడానికి కాదురా, కాస్త నెట్టడానికి."

అంతకుముందు ఒక చుట్టు తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. 73 సెకన్లు మారినా పాసే అనుకున్నారు. మారింది 32 నిమిషాలు! తారాజువ్వ నిప్పుల్ని వెనక్కి చిమ్ముతూ ముందుకి పోతుంది చూడండి, అలాగే దెబ్బకి ఎగిరిన రాళ్ళూ దుమ్మూ దాన్ని ఇంకా నెట్టాయట.

"మరి దీన్ని కూడా నెడతారా?"

ఏళ్ళ ముందు తెలిస్తే చిన్న నెట్టుడు చాలు, దగ్గరికొచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు అని చెప్పాను. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఒకటి పేలేదాకా ఎవరికీ కనబడలేదనీ, పదిహేను వందలమంది దాకా గాయపడ్డారనీ, ఎక్కువమందికి కిటికీ అద్దాలే గుచ్చుకున్నాయనీ కూడా చెప్పాను. ఏదీ దాచలేదు. చెబుతుంటే నాన్నే గుర్తొచ్చారు. మెట్లెక్కితే ఆయన ఆయాసపడడం ఆ ఏడు సంక్రాంతికే చూశాను. వయసు కదా, ఏం కాదులే అనుకున్నాను.

ఆ నెలాఖరుకే లెక్కలు తేలి, వైఆర్4 భూమిని గుద్దే అవకాశం దాదాపు సున్నా అయింది. టీవీ వాళ్ళు ఆ మాట అంత గట్టిగా చెప్పలేదు, నేనే చెప్పాను. డైమార్ఫోస్‌కి తగిలిన దెబ్బ చూడడానికి యూరప్ వాళ్ళ హెరా 2024 అక్టోబర్లోనే బయల్దేరింది, 2026 చివరికి చేరుతుంది. అప్పటికి ఆ క్యాలెండర్ ఇంకా రాలేదు కాబట్టి మావాడు మంచం పక్కన గోడమీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. రంగులు వేయించినప్పుడు అంతమేర వదిలేయమని మావారికి చెప్పాను.