కోవా దయ్యాలు

పిండివంట ఏదీ చేయకూడని ఏడాదిలో నేను మా ఇంట్లో దయ్యాలు వండాను. పాఠకులు తొందరపడి నన్ను క్షుద్రోపాసకులలో జమ కట్టవద్దు. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. వంటింట్లో నా అధికారం కాఫీ కలుపుకోవడంతో సరి.

2024 జూన్‌లో మా నాన్నగారు పోయారు. ఏటిసూతకం గనక మాకు పండుగలు లేవు. వినాయకచవితికి ఉండ్రాళ్ళు లేవు, దసరాకు బొబ్బట్లు లేవు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఆ సంగతి బుద్ధిగానే ఒప్పుకున్నది. కాని నాన్నగారు పడుకునే వెనకగదిలో అడుగు పెట్టడం మానేసింది. అక్కడున్న రంగుపెన్సిళ్ళ డబ్బా కోసం నన్ను పంపి, తను గుమ్మం ఇవతల నిలబడి చేయి చాపేది. ఎందుకే అంటే చెప్పేది కాదు. చివరికి ఒకరాత్రి నిద్రపోబోతూ బయటపెట్టింది. పోయినవాళ్ళంతా దయ్యాలవుతారనీ, మీ తాతయ్య ఆ గదిలోనే ఉంటాడనీ పైఅంతస్తు కుర్రాడు చెప్పాడట.

"తాతయ్యకి కూడా పాదాలు వెనక్కి తిరిగిపోయాయా నాన్నా?" అన్నది.

పండితుణ్ణి గదా, పాండిత్యంతోనే సమాధానం చెప్పాను. దైవమనే మాటే దయ్యమని మారిందమ్మా, పాతకావ్యాలలో దేవుణ్ణి కూడా దయ్యమనేవారు, అందుచేత భయపడవలసింది ఏమీ లేదు అన్నాను. అది శ్రద్ధగా విన్నది. మర్నాటినుంచి దేవుడి అలమర దగ్గరికి వెళ్ళడం కూడా మానేసింది.

ఇలా ఉండగా అక్టోబరు వచ్చింది. మా అపార్టుమెంటు పిల్లలకు హాలోవీన్ పిచ్చి పట్టుకున్నది. ఐర్లండునుంచి వలస వెళ్ళినవాళ్ళు అమెరికాకు పట్టుకుపోయిన పండుగ అది. సొంత ఊళ్ళో టర్నిప్ దుంప తొలిచి దీపం పెట్టేవాళ్ళు, అమెరికాలో గుమ్మడికాయ దొరికేసరికి దానికి మారారు. దిష్టికి బూడిదగుమ్మడికాయ కట్టుకునే మనకు గుమ్మడికాయకూ దయ్యాలకూ ఉన్న సంబంధం కొత్తేమీ గాదు. ఆ సంవత్సరం హాలోవీనూ దీపావళీ ఒక్కరోజే, 31వ తేదీనే పడ్డాయి. అందుకని పిల్లలు తమ దయ్యాల పండుగను ముందు శనివారానికి జరుపుకున్నారు. ఇంటికొక దయ్యపు తినుబండారం తేవాలని నిబంధన.

మా ఆవిడ కేకు కొనేద్దామన్నది. నాకు మెక్సికో సంగతి గుర్తుకొచ్చింది. అక్కడ నవంబరు మొదటి రెండురోజులూ పోయినవాళ్ళను తలుచుకునే పండుగ. పంచదార పాకం అచ్చుల్లో పోసి పుర్రెలు చేసి, రంగులద్ది, నుదుట పేర్లు రాస్తారు. మన పెళ్ళిళ్ళకు పంచదార చిలకలు పోసినట్టే, చిలక స్థానంలో పుర్రె. పిల్ల తన చేత్తోనే దయ్యాన్ని చేస్తే భయం పోదా అనిపించింది.

"పండక్కి చారెడు పిండి కలపని ఇంట్లో దయ్యాలకి మూకుడు పెడతావుట్రా!" అన్నది మా అమ్మ.

"ఇది పిండివంట కాదమ్మా, పాలు కాచడమే" అని ధర్మసూక్ష్మం లాగాను. ఆవిడ మారుమాట్లాడకుండా వెనకగదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

రెండు లీటర్ల గేదెపాలు. సన్నని సెగమీద గంటన్నర కలియబెట్టాను. అడుగంటితే దయ్యం తెలుపు పోయి గోధుమరంగు తిరుగుతుంది. మీగడ అంచులకు పట్టినప్పుడల్లా గీరి పాలలో కలుపుతూ, చేయి మారుస్తూ, ఎమ్మే పరీక్షలకు కూడా పడనంత కష్టం పడ్డాను. గట్టిపడగానే నూటయాభై గ్రాముల పంచదార వేసి, మరో అయిదు నిమిషాలకే దింపేశాను. చల్లార్చి, చేతికి నెయ్యి రాసుకుని అమ్మాయి మొదటి దయ్యాన్ని నిలబెట్టింది. అది నిలబడ్డట్టే నిలబడి, మెల్లిగా కూలబడిపోయింది. రెండోదీ అంతే.

"పంచదార వేస్తే కోవా మళ్ళీ జారుతుంది. ఇంకా ఇగరనివ్వాలి" అని వెనకనుంచి వినబడింది. అమ్మ గుమ్మంలో నుంచుని ఉన్నది.

మళ్ళీ పొయ్యెక్కించాను. ఈసారి ముద్ద చెప్పినట్టు విన్నది. అమ్మాయికి వేయించిన సేమ్యా ఇస్తే విరబోసుకున్న జుట్టు చేసింది. జీడిపప్పు చెక్కలు కోరలు. కొరివిదయ్యానికి నెత్తిన కుంకుమపువ్వు మంట. నేనొక బిళ్ళను తలుపులా పరిచి, కరిగిన చాకొలెట్టులో పుల్ల ముంచి 'ఓ స్త్రీ రేపు రా' అని రాశాను. మా చిన్నతనంలో ఊళ్ళో తలుపులమీద ఉండేది ఆ రాత. అక్షరదోషం లేకుండా రాయడం ఒక్కటే ఆ వంటలో నా విద్యకు పని కల్పించింది.

కళ్ళకోసం నల్లనువ్వుల డబ్బా తీశాను.

"నువ్వులు వద్దురా" అన్నది అమ్మ. అంతే అన్నది. నెలనెలా మాసికానికి ఆ డబ్బాలోవే నా చేతిలోకి వంపేది ఆవిడే. డబ్బా మూసేశాను. అమ్మ లవంగాలు తెచ్చి మొగ్గలు తుంచి ఇచ్చింది. తరవాత ఆవిడే పీట వాల్చుకుని కూచున్నది. "పాదాలు వెనక్కి పెట్టాలి బామ్మా" అని పిల్ల అంటే, "నాకు చెబుతావుటే" అని, ముందు మడమలు వచ్చేటట్టు ఒత్తి చూపించింది.

పండుగ సంగతి చెప్పడానికేమీ లేదు, అయిదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ. పైఅంతస్తు కుర్రాడు మాత్రం చేతిలో దయ్యాన్ని పట్టుకుని తలెలా కొరకడమా అని ఆలోచిస్తూంటే, మా అమ్మాయి తన దయ్యం తల కొరికి చూపించిందట.

ఒక దయ్యాన్ని ఇంట్లోనే దాచింది. "ఇది తాతయ్యది" అన్నది. నాన్నగారికి పాలకోవా ప్రాణం. పదిహేనేళ్ళుగా షుగరు. బీరువాలో దాచుకున్న కోవా పొట్లాన్ని అమ్మ పట్టుకోవడం, ఆయన పిల్లాడిలా తల దించుకోవడం మా ఇంట్లో నెలకొకసారి జరిగే నాటకం. అమ్మ ఏమీ అనలేదు. పిల్ల ఆ దయ్యాన్ని చిన్నపళ్ళెంలో పెట్టుకుని, ఒక్కతే వెనకగదిలోకి వెళ్ళి, కిటికీలో పెట్టి వచ్చింది. రావడం కొంచెం వేగంగానే వచ్చింది.

తెల్లవారి నేను లేచేసరికి అమ్మాయి ఆ గదిలోనే, కిటికీ ముందు వంగి చూస్తున్నది. కోవాను చీమలు చాలావరకు పట్టుకుపోయాయి. పళ్ళెంలో మిగిలినవి లవంగం కళ్ళు రెండే.

"తాతయ్య తినలేదు బామ్మా, చీమలు తినేశాయి" అన్నది దిగులుగా.

అమ్మ వచ్చి పళ్ళెంలోకి చూసింది. "తిన్నారే. ఆయనకి లవంగం గిట్టదు. లడ్డూలో వచ్చినా ఏరి ఇలాగే పక్కన పెట్టేవారు."

పిల్ల కాసేపు ఆలోచించింది.

"అయితే ఈసారి ఎండుద్రాక్ష పెడదాం నాన్నా" అన్నది.